పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్‌లో గైడును ఎంచుకునేటప్పుడు ఎవరిని ఎవరితో, దేన్ని బట్టి పోల్చాలి

కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అందరూ కెమిస్టులే. పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అలా ఉండదు. ఒకరు ఆర్థికవేత్త, పక్క గదిలో రాజనీతి శాస్త్రం చదివినవారు, ఆ పక్కన న్యాయశాస్త్రం చెప్పేవారు, ఎదురుగా స్టాటిస్టీషియన్, వరండా చివర 30 ఏళ్లు ప్రభుత్వంలో పనిచేసి వచ్చిన మాజీ అధికారి. ఇంత తేడా ఉన్నా అందరి ప్రొఫైళ్లలోనూ 'పరిశోధన ఆసక్తులు' అన్నచోట దాదాపు అవే మాటలు కనిపిస్తాయి: ఆరోగ్యం, విద్య, పర్యావరణం, పాలన, అసమానతలు. ఆ మాటలు చూసి తమ పరిశోధనకు గైడును ఎంచుకున్నవాళ్లకు రెండో ఏడాదిలో గానీ తాము దేనికి ఒప్పుకున్నదీ అర్థం కాదు.

మా సలహా ఇది. ముందు పద్ధతిని పోల్చండి. తర్వాత వాళ్ల దగ్గర మీకు దొరికే సమయాన్ని పోల్చండి. టాపిక్ మూడోది. టాపిక్ మొదటి ఏడాదిలోనే మారిపోవడం మామూలు. ఒకరి దగ్గర నాలుగేళ్లు కూర్చుని నేర్చుకున్న పని మాత్రం, అది డేటాతో కుస్తీ పట్టడమైనా, మనుషులతో మాట్లాడి రాబట్టడమైనా, చట్టాలను విడమర్చి చదవడమైనా, తర్వాత మీరు ఏ ఉద్యోగంలో చేరినా వెంట వస్తుంది.

ఒకే టాపిక్, ముగ్గురు ప్రొఫెసర్లు

'కనీస వేతనం' అన్న మాటనే తీసుకుందాం. ముగ్గురు ప్రొఫెసర్లు తమ ఆసక్తుల్లో ఆ మాట రాసుకున్నారనుకోండి. ముగ్గురి దగ్గరా మీరు చేసేది ఒకే పని కాదు.

మొదటివారు ఆర్థికవేత్త. వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయా అన్నది వారి ప్రశ్న. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో ప్రచురించిన అధ్యయనం ఈ దారికి బాగా పేరున్న ఉదాహరణ. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. న్యూజెర్సీలోనూ తూర్పు పెన్సిల్వేనియాలోనూ కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందొకసారి, తర్వాతొకసారి సర్వే చేసి, రెండుచోట్ల వచ్చిన మార్పులను పక్కపక్కన పెట్టి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. 'డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్' అనే ఈ పద్ధతికి ప్రాణమంతా ఒక ఊహలో ఉంది: వేతనం పెంచకపోయి ఉంటే రెండుచోట్లా పరిస్థితి ఒకే తీరుగా నడిచేది. ఈ గైడు దగ్గర మీ నాలుగేళ్లలో ఎక్కువ భాగం ఆ ఊహ నిలుస్తుందా లేదా తేల్చడానికే పోతుంది. రోజూ చేసేది డేటా శుభ్రం చేయడం, ఆర్, స్టేటా లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాయడం, ఒకే ఫలితాన్ని పది రకాలుగా పరీక్షించడం. కార్డ్‌కు 2021లో, యాంగ్రిస్ట్, ఇంబెన్స్‌లతో కలిసి, ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ తరహా పనికే.

రెండోవారిది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. చట్టం పెంచింది సరే, తనిఖీకి వెళ్లిన ఇన్‌స్పెక్టరు ఏం చేస్తున్నాడు? ఎవరి మీద కేసు రాస్తాడు, ఎవరిని మందలించి వదిలేస్తాడు, ఎందుకు? రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో 'స్ట్రీట్ లెవెల్ బ్యూరోక్రసీ' అనే పుస్తకంలో చెప్పిన విషయమే ఇది. చేతినిండా కేసులు, చాలని సమయం ఉన్న కిందిస్థాయి ఉద్యోగి తన పని గట్టెక్కించుకోవడానికి వెతుక్కునే అడ్డదారులే జనం దాకా వచ్చేసరికి అసలు విధానం అయిపోతాయి. ఇక్కడ మీ పని కార్యాలయాల్లో నెలల తరబడి కూర్చోవడం, 30, 40 మందితో లోతుగా మాట్లాడడం, రికార్డింగులను రాతలోకి మార్చి కోడింగ్ చేయడం, అంటే ఏ మాట ఏ అంశానికి చెందిందో గుర్తులు పెట్టడం. గంట ఇంటర్వ్యూను చేత్తో రాసుకోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. 40 ఇంటర్వ్యూలకు ఎంతవుతుందో లెక్క వేసుకోండి. దానికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతికి పట్టే సమయం వేరే.

మూడోవారు విధాన ప్రక్రియను చదివేవారు. పదేళ్లుగా ఉన్న డిమాండు ఈ ఏడాదే ఎందుకు చట్టమైంది? జాన్ కింగ్‌డన్ 1984లో చెప్పిన మూడు ప్రవాహాల చట్రం వీరి పేపర్లలో తరచూ కనిపిస్తుంది. సమస్య, పరిష్కారం, రాజకీయం వేటి దారిన అవి నడుస్తూ ఉంటాయి, మూడూ కలిసిన కాసేపే విధానం మారే కిటికీ తెరుచుకుంటుంది. ఇక్కడి విద్యార్థి చట్టసభల చర్చలు, కమిటీ నివేదికలు, పాత పత్రికలు తిరగేస్తాడు, తేదీల వారీగా ఘటనల గొలుసు కడతాడు. కంప్యూటర్ మీద రిగ్రెషన్ (అంకెల మధ్య సంబంధం కొలిచే గణాంక లెక్క) ఒక్కటీ నడపకుండానే డాక్టరేట్ పూర్తి కావచ్చు.

ఈ మూడింట్లో గొప్పది ఏదని కాదు, మీకు పడేది ఏదని చూడాలి. అది తెలుసుకోవడానికి ఒక పని చేయండి. ముగ్గురి దగ్గరి నుంచీ ఒక్కో పేపరు తీసుకుని, ముగింపు వదిలేసి, మెథడ్స్ భాగం మాత్రమే చదవండి. అక్కడ రాసిన పని రోజుకు ఆరు గంటల చొప్పున మూడేళ్లు చేయగలరా? ముగింపు చదివితే అందరి పనీ ఆకర్షణీయంగానే ఉంటుంది. మెథడ్స్ చదివితేనే రోజువారీ జీవితం కనిపిస్తుంది.

ఫీల్డ్ ప్రయోగాలు, అంటే ఒక పథకాన్ని కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా తేడా కొలవడం, చేసేవారి గురించి కాస్త విడిగా చెప్పాలి. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చాక ఈ దారి మీద విద్యార్థులకు మోజు ఎక్కువ. నేర్చుకునేదీ నిజంగానే చాలా ఉంటుంది. అయితే ఇవి ఖర్చుతో కూడిన పెద్ద ప్రాజెక్టులు. మీరు చేరేనాటికి డిజైన్ అయిపోయి ఉండవచ్చు, సర్వే సగంలో ఉండవచ్చు. ఆ డేటాలో ఏ భాగం మీ థీసిస్‌కు సొంతంగా వాడుకోవచ్చో ముందే అడగాలి. అడగకుండా చేరితే మూడేళ్లు ప్రాజెక్టు నడిపి, చివరికి థీసిస్‌కు సొంత అధ్యాయం లేకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇన్ని గీతలు గీశాం కాబట్టి ఒక మాట. కొందరు ఈ గీతలకు లొంగరు. 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఉమ్మడి వనరుల మీద కేస్ స్టడీలు, ప్రయోగశాల పరీక్షలు, సిద్ధాంత నమూనాలు అన్నీ కలిపి వాడారు. అలా పనిచేసే గైడు దొరికితే అదృష్టమే. కానీ ప్రొఫైల్‌లో 'మిక్స్‌డ్ మెథడ్స్' (అంకెల పద్ధతి, ఇంటర్వ్యూల లాంటి పద్ధతి రెండూ కలపడం) అని రాసుకున్న ప్రతివారూ అలాంటివారని నమ్మకండి. గత అయిదు పేపర్లలో రెండు పద్ధతులూ నిజంగా ఉన్నాయో లేదో చూడండి.

ఆసక్తుల జాబితాను ఎలా తనిఖీ చేయాలి

ఒక్కొక్కరికి 40 నిమిషాలు కేటాయించండి. పన్నెండు మందితో మొదలుపెడితే మొత్తం ఎనిమిది గంటలు, అంటే రెండు రోజుల పని. నాలుగేళ్ల నిర్ణయానికి ఇది ఎక్కువేమీ కాదు.

గూగుల్ స్కాలర్‌లో వారి ప్రొఫైల్ తెరవగానే పేపర్లు సైటేషన్ల (ఇతర పరిశోధకులు ఉదహరించిన సంఖ్య) వరుసలో కనిపిస్తాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైన కనిపించేది పదిహేనేళ్ల కిందటి ప్రసిద్ధ పేపరు. దాన్ని చదివి, 'మీ పని నాకు చాలా ఇష్టం' అని రాస్తారు. ఆ ప్రొఫెసరు ఆ విషయం వదిలేసి ఎన్నాళ్లో అయి ఉంటుంది. సంవత్సరం వరుసలోకి మార్చి, గత అయిదేళ్లవే చూడండి. పేరు సాధారణమైనదైతే వేరేవాళ్ల పేపర్లు కలిసిపోతాయి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ నంబరు ఇచ్చి ఉంటే దానితో సరిచూసుకోవచ్చు.

ఆర్థికవేత్తల విషయంలో జర్నల్ పేపర్లు చూస్తే చాలదు. పంపిన పేపరు అచ్చయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. ఇప్పుడు వాళ్ల బల్ల మీద ఏముందో తెలియాలంటే ఎస్ఎస్ఆర్ఎన్, రెపెక్ అనే వెబ్‌సైట్లలో ఉన్న వర్కింగ్ పేపర్లు, అంటే ఇంకా జర్నల్‌లో అచ్చుకానివి, వెతకాలి. న్యాయశాస్త్రం, చరిత్ర వైపు నుంచి వచ్చినవారికి పుస్తకాలు ప్రధానం. వాళ్ల పేపర్ల సంఖ్య తక్కువని చిన్నచూపు చూడకూడదు.

ఇదే కారణంతో హెచ్-ఇండెక్స్ పట్టుకుని ఇక్కడ ఇద్దరిని పోల్చడం సరికాదు. 2005లో హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఆ లెక్క చాలా సులువైనది. కనీసం 20 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. వయసుతో పాటు అది పెరుగుతుందే తప్ప తగ్గదు. ప్రజారోగ్యంలో ఒక పేపరుకు పది మంది రచయితలుంటారు, రాజకీయ సిద్ధాంతంలో ఒక్కరే ఉంటారు. ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో ఈ ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెడితే వచ్చే తేడా వాళ్ల సబ్జెక్టులది, ప్రతిభది కాదు.

రచయితల పేర్ల వరుసదీ ఇదే చిక్కు. ఆర్థికశాస్త్రంలో సాధారణంగా పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి, ముందున్నవారే ఎక్కువ చేశారని కాదు. ప్రజారోగ్యంలో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు చాలాసార్లు ప్రాజెక్టును నడిపించిన సీనియర్‌ది. విద్యార్థులకు గుర్తింపు దక్కుతోందా అని చూసేటప్పుడు ఇది తెలియకపోతే తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

అయిదు పేపర్లు ఎంచుకున్నాక ఒక్కోదానికి ఒక వాక్యం రాయండి: ప్రశ్న ఏమిటి, డేటా ఎక్కడిది, పద్ధతి ఏది, కలిసి రాసింది ఎవరు. ఇలా:

'గ్రామీణ ఆసుపత్రుల్లో డాక్టర్ల గైర్హాజరీ. ప్రభుత్వ హాజరు రికార్డులు. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్. ఇద్దరు పూర్వ విద్యార్థులతో.'

అయిదు వాక్యాలు రాసేసరికి ఆ మనిషి నిజమైన ఆసక్తి ఏమిటో, ప్రొఫైల్‌లో రాసుకున్న జాబితాలో ఏవి పాత జ్ఞాపకాలో తేటతెల్లమవుతుంది.

చివరి పది నిమిషాలు యూనివర్సిటీ థీసిస్ భాండారానికి ఇవ్వండి. వారి దగ్గర పూర్తయిన రెండు మూడు థీసిస్‌లు తీసి కృతజ్ఞతల పేజీ చదవండి. 'ప్రతి అధ్యాయాన్నీ మూడుసార్లు చదివి దిద్దారు' అని రాయడానికీ, 'వారి ప్రోత్సాహానికి ధన్యవాదాలు' అని రాసి ఊరుకోవడానికీ చాలా దూరం ఉంది. గైడు కంటే కో-గైడుకో, ల్యాబ్‌లోని పోస్ట్‌డాక్‌కో (డాక్టరేట్ అయ్యాక అక్కడ పరిశోధన చేస్తున్నవారికో) ఎక్కువ పంక్తులు దక్కాయంటే రోజూ దారి చూపింది ఎవరో తెలిసిపోయినట్టే.

హోదా చెప్పేవి, చెప్పనివి

అమెరికా తరహాలో అసిస్టెంట్, అసోసియేట్, ప్రొఫెసర్ అంటారు. బ్రిటిష్ తరహాలో లెక్చరర్, సీనియర్ లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్ అంటారు. పేర్లు ఎలా ఉన్నా మీకు కావలసింది రెండే: వీరు ప్రధాన గైడుగా ఉండడానికి నియమాలు ఒప్పుకుంటాయా, మీరు పూర్తిచేసేదాకా ఇక్కడే ఉంటారా.

టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) పద్ధతి ఉన్నచోట అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు సాధారణంగా ఆరేళ్ల గడువు ఉంటుంది. రెండో ఏడాదిలో ఉన్నవారు బంగారం లాంటి గైడు: కొత్త పద్ధతులు తెలుసు, మీతో కలిసి పేపర్లు రాయడం వాళ్లకూ అవసరమే. అదే మనిషి అయిదో ఏడాదిలో ఉంటే పరిస్థితి వేరు. టెన్యూర్ రాకపోతే మీ రెండో ఏడాదిలో వెళ్లిపోవచ్చు. అందుకని వద్దనుకోనక్కర్లేదు. సీనియర్ ఒకరు కో-గైడుగా ఉంటే సరిపోతుంది.

అసోసియేట్‌లను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, పీహెచ్‌డీకి మా దృష్టిలో మొదట చూడాల్సింది వీరినే. ఉద్యోగ భద్రత వచ్చింది, డీన్ బాధ్యతలు ఇంకా మీద పడలేదు. పేరున్న ప్రొఫెసర్ల విషయంలో దూరపు కొండలు నునుపు అన్నది గుర్తుంచుకోవాలి. సిఫారసు లేఖ బలంగానే ఉంటుంది, కానీ పన్నెండు మంది విద్యార్థులు, మూడు ప్రభుత్వ కమిటీలు ఉన్న మనిషి మీ డ్రాఫ్టు ఎప్పుడు చదువుతారు?

ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అంటే ప్రభుత్వంలోనో సంస్థల్లోనో పనిచేసి వచ్చినవారు. మాస్టర్స్ విద్యార్థికి, ముఖ్యంగా నిజమైన సంస్థ కోసం చేసే క్యాప్‌స్టోన్ ప్రాజెక్టుకు, వీరిని మించినవారు లేరు. ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఏ నివేదికను మంత్రి కార్యాలయంలో ఎవరు చదువుతారో వీరికే తెలుసు. పీహెచ్‌డీకి మాత్రం చాలాచోట్ల వీరు ప్రధాన గైడుగా ఉండలేరు. ఎమెరిటస్ (రిటైరైనా హోదా కొనసాగుతున్నవారు), విజిటింగ్ వారిదీ అదే సంగతి, నియమావళి చూసుకోవాలి. రీసెర్చ్ ఫెలోల ఉద్యోగం తరచూ గ్రాంటు ఉన్నంతవరకే, కాబట్టి గ్రాంటు ముగిసే తేదీ కనుక్కోండి. రెండు డిపార్ట్‌మెంట్లలో సంయుక్త నియామకం ఉన్నవారైతే మీ అర్హత పరీక్ష ఏ డిపార్ట్‌మెంటు నియమాలతో జరుగుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

మార్కులు కూడితే ఎక్కడ తప్పుతుంది

పద్ధతికి 10, సమయానికి 10, టాపిక్‌కు 10, నిధులకు 10 అని వేసుకుని మొత్తం కూడడం అందరికీ తోచే ఉపాయం. పేరున్న ప్రొఫెసరుకు పద్ధతి 9, టాపిక్ 10, నిధులు 9, సమయం 1 వచ్చాయనుకోండి, మొత్తం 29. మామూలు అసోసియేట్‌కు 8, 6, 6, 8, మొత్తం 28. కూడిక పేరున్నవారినే గెలిపిస్తుంది. కానీ సమయం 1 అంటే ఆరు నెలలకోసారి అరగంట. ఆ లోటును టాపిక్ పూడ్చలేదు.

కాబట్టి కూడకండి, ముందు వడపోయండి. పద్ధతి, సమయం, నిధులు మూడింట్లోనూ కనీసం 5 ఉండాలి. ఒక్కదాంట్లో తగ్గినా ఆ పేరు పక్కన పెట్టాలి. మిగిలినవారిలో పద్ధతి ఎవరిది బాగా కుదిరితే వారు ముందు, సమానమైతే టాపిక్ చూడండి. పన్నెండు మందిలో ఈ జల్లెడ దాటేది మహా అయితే నలుగురు.

ఈమెయిల్, ఆ తర్వాత మాటలు

మొదటి ఈమెయిల్ 150, 200 మాటలు దాటకూడదు. 'మీ పరిశోధన ఆసక్తులు నా ఆసక్తులతో సరిపోతున్నాయి' అన్న వాక్యం ప్రొఫెసర్లకు వారానికి ఎన్నోసార్లు వస్తుంది, దానికి జవాబు రాదు. దాని బదులు:

'హాజరు రికార్డుల మీద మీ వర్కింగ్ పేపరు చదివాను. బయోమెట్రిక్ యంత్రం పెట్టిన ఆసుపత్రులు ముందునుంచే మెరుగ్గా ఉండే అవకాశం ఉందా అన్న సందేహం వచ్చింది. అదే సమస్య పాఠశాలల డేటాలో ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఈ ఏడాది కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా?'

పేపరు చదివినట్టు, పద్ధతి బలహీనత ఎక్కడో అర్థమైనట్టు, అడగదలచింది ఒక్కటే ప్రశ్న అని నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది. సీవీ జతచేయండి, అయిదు పేజీల ప్రతిపాదన అప్పుడే వద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి.

మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు 'మీరు ఎలా గైడ్ చేస్తారు' అని అడిగితే అందరూ మంచిమాటలే చెబుతారు. అంకెలతో అడగండి. ఇప్పుడు ఎంతమంది విద్యార్థులున్నారు? వాళ్లను ఎన్నాళ్లకోసారి కలుస్తారు? డ్రాఫ్టు పంపితే ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది? గత అయిదుగురు ఎన్నేళ్లలో పూర్తిచేశారు? మధ్యలో మానేసినవారు ఎవరైనా ఉన్నారా? వచ్చే మూడేళ్లలో సబాటికల్ ఉందా? సబాటికల్ అంటే బోధన నుంచి తీసుకునే సెలవు, ఒక సెమిస్టరు, కొన్నిచోట్ల పూర్తి ఏడాది. మీ ఫీల్డ్‌వర్క్ ఏడాదిలో పడితే పర్వాలేదు, థీసిస్ రాసే ఏడాదిలో పడితే కష్టం.

రహస్య స్థాయి ప్రభుత్వ డేటా మీద పనిచేసేవారైతే ఇంకో ప్రశ్న: అనుమతి వారి పేరు మీదనా, ప్రాజెక్టు పేరు మీదనా? వారికి ప్రవేశం ఉందంటే మీకూ ఉన్నట్టు కాదు. మీ పేరుతో వేరే దరఖాస్తు పెట్టుకోవాల్సి రావచ్చు, భద్రమైన గదిలో కూర్చునే డేటా చూడాల్సి రావచ్చు. అక్కడి నుంచి ఫలితాలు బయటికి తెచ్చుకోవడానికి ప్రతిసారీ పరిశీలన జరుగుతుంది. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టకపోతే మూడో ఏడాదికి చేతిలో డేటా ఉండదు.

విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఇద్దరిని కలవండి: ఈ ఏడాది చేరినవారిని ఒకరిని, పూర్తిచేయబోతున్నవారిని ఒకరిని. కొత్తవారికి ఇంకా ఉత్సాహం తగ్గి ఉండదు, పాతవారికి అసలు సంగతి తెలుసు. గైడు బాగుంటారా అని అడగకండి, జవాబు చెప్పేవారిని ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది. 'మీ చివరి అధ్యాయం ఎప్పుడు పంపారు, వ్యాఖ్యలు ఎప్పుడొచ్చాయి' అని అడగండి. తేదీలు చెప్పడానికి ఎవరూ వెనకాడరు.

ఇద్దరు గైడ్లు

పబ్లిక్ పాలసీలో ఇద్దరు గైడ్లు ఉండడం మామూలే, కొన్నిచోట్ల తప్పనిసరి కూడా. ఒకరు పద్ధతికి, ఒకరు రంగానికి అని పంచుకుంటే బాగా నడుస్తుంది. ఇద్దరూ పద్ధతి మీదే గట్టి అభిప్రాయాలున్నవారైతే ఒకే ఒరలో రెండు కత్తులే. 15 ఇంటర్వ్యూలు చాలని ఒకరు, ఇంత చిన్న నమూనాతో ఏం చెబుతావని ఇంకొకరు అంటారు, మధ్యలో అధ్యాయం ఆగిపోతుంది. ఇద్దరూ ఇంతకుముందు కలిసి ఒక్క పేపరైనా రాశారా, ఒకే కమిటీలో కూర్చున్నారా చూడండి. లేకపోతే మొదటి నెలలోనే ముగ్గురూ కలిసి కూర్చుని, ఏ అధ్యాయంలో ఎవరి మాట చివరిదో ఒక పేజీలో రాసుకోండి.

అదే పేజీలో ఇంకో రెండు విషయాలు చేర్చండి. థీసిస్ నుంచి వచ్చే పేపర్లలో ఎవరి పేరు ఏ వరుసలో ఉంటుంది. గైడు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోతే దూరం నుంచి కొనసాగిస్తారా, మీరూ వెంట వెళ్తారా, లేక కో-గైడు ప్రధాన గైడవుతారా, అప్పుడు మీ ఫెలోషిప్ ఏ గ్రాంటు నుంచి వస్తుంది. చేరకముందు ఈ ప్రశ్నకు అయిదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. వెళ్తున్నట్టు ప్రకటించిన తర్వాత అడిగితే ఆ జవాబు కోసం మూడు ఆఫీసులు తిరగాలి.